పాలకొల్లు బ్యాటరీ షాపు: మీటరు పెట్టాకే మాట్లాడతారు

కారు స్టార్ట్ కాలేదంటే చాలు, "బ్యాటరీ పోయిందండి, కొత్తది వేసేద్దాం" అనేవాళ్లు ప్రతి ఊళ్లో నలుగురుంటారు. అది నిజంగా పోయిందా, ఉత్తినే దిగిపోయిందా, అసలు తప్పు బ్యాటరీదేనా అని చూసి చెప్పేవాళ్లే తక్కువ. పాలకొల్లులో అలాంటి షాపు ఒకటి దొరికింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. బస్టాండు నుంచి నర్సాపురం వైపు వెళ్తుంటే వస్తుంది. బోర్డు మీద బ్యాటరీ కంపెనీ పేరు నిలువెత్తున ఉంటుంది గానీ షాపు పేరు కింద మూలన ఎండకి వెలిసిపోయింది, ఆ పేరు చెప్పి అడిగితే ఎవరికీ తెలియదు కూడా, "పెద్దాయన షాపా" అంటారు. షట్టరు పక్కన చార్జింగ్ పెట్టిన ఆటో బ్యాటరీలు, ట్రాక్టరు బ్యాటరీలు వరసగా కనిపిస్తే అదే. అయిదుకి నాలుగు ఇస్తాను.

మాది పెట్రోలు కారు, చిన్నది, మాన్యువల్. 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఎంత చార్జింగ్ పడుతుందో చెప్పే లెక్క) బ్యాటరీ, కారుతో పాటు వచ్చిందే, నాలుగేళ్లు దాటింది. మన ఎండకీ ఉక్కకీ బ్యాటరీ మూడు నుంచి అయిదేళ్లు వస్తే బాగా వచ్చినట్టే, ఎందుకంటే చలి కన్నా వేడే దానికి ఎక్కువ చెరుపు, లోపలి నీళ్లు ఆవిరైపోతాయి, సీసం ప్లేట్లు త్వరగా పాడవుతాయి. దానికి తోడు మా తిరుగుడంతా దగ్గర తిరుగుడు, సంతకి, బడికి, చెరువు గట్టుకి. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా వంద ఆంపియర్లు దాటి లాగేస్తుంది, అది మళ్లీ నిండేలోపే మనం ఇంజను ఆపేస్తాం.

బ్యాటరీ చెప్పకుండా పోయింది అనేవాళ్లని నేను పెద్దగా నమ్మను, చాలావరకు అది చెప్పే పోతుంది. మా కారు నెల ముందు నుంచే చెబుతోంది. పొద్దున్నే తాళం తిప్పితే టక్కున అందుకునే ఇంజను ర్‌ర్... ర్‌ర్... అని బద్ధకంగా తిరిగేది. రాత్రిపూట గేటు దగ్గర ఆగి అద్దం పైకి లేపితే హెడ్‌లైట్లు ఒక్కసారి కళ్లు ఆర్పినట్టు తగ్గేవి. ఒకరోజు స్టీరియోలో గడియారం దానంతట అదే పన్నెండుకి వచ్చేసింది. అందరం చూస్తూనే ఉన్నాం గానీ పండగ పనుల్లో పడి, పండగ తర్వాత చూపిద్దాంలే అనుకున్నాం.

కారు మాత్రం పంటు (బళ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించే పెద్ద పడవ) మీద ఆగింది. అంతర్వేది వెళ్దామని నర్సాపురం రేవులో కారు పంటు ఎక్కించాం, ఇంజను ఆపి, పిల్లలకి ఉక్కగా ఉందని ఫ్యాను, పాటలు మాత్రం ఆన్‌లో ఉంచాం. గోదావరి దాటి సఖినేటిపల్లి ఒడ్డుకి తగిలాక తాళం తిప్పితే టకటకటకటక అని చప్పుడు, ఆ చప్పుడుకి తగ్గట్టు డాష్‌బోర్డులో లైట్లన్నీ వెలిగి ఆరుతున్నాయి. ఇంజను మాత్రం కదల్లేదు. ముందు బళ్లన్నీ దిగిపోయాయి, వెనక కొబ్బరికాయల టాటా ఏస్ వాడు హారన్ మీద చెయ్యి తియ్యడు, అవతల ఒడ్డు ఎక్కాల్సిన వాళ్లు బైకులు స్టార్ట్ చేసి రెడీగా ఉన్నారు. పంటు మీద పనిచేసే కుర్రాళ్లే "న్యూట్రల్‌లో పెట్టండి సార్, స్టీరింగ్ పట్టుకోండి చాలు" అని పైకి తోసేశారు. ఎత్తు మీదకి తోస్తున్నారు కాబట్టి రెండో గేరులో వేసి క్లచ్ వదిలే వేగం రాలేదు, లేకపోతే మాన్యువల్ బండి అక్కడే అందుకునేది.

ఇన్సూరెన్సుతో పాటు వచ్చిన రోడ్ సైడ్ సాయం నంబరుకి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి హైవే నంబర్ చెప్పమంటుంది. సఖినేటిపల్లి రేవు అంటే పిన్‌కోడ్ అడుగుతుంది. పాపం ఆ పిల్ల తప్పేం లేదు గానీ, మూడు గంటలు పడుతుందన్నాక ఆ సంగతి వదిలేశాం.

చివరికి కాపాడింది ఒక బొలెరో ఆయన. వెనక సీటు కింద నుంచి బొటనవేలంత లావు జంపర్ కేబుళ్లు తీశారు. బజార్లో దొరికే సన్న వైర్లవి వేడెక్కి కవరు కరిగిపోతుందట, కొనుక్కునేవాళ్లు లావు రాగి తీగవే కొనుక్కోండి. ఆయన తగిలించిన వరస ఇది: ముందు ఎర్ర క్లిప్పు మా బ్యాటరీ ప్లస్‌కి, రెండో ఎర్రది ఆయన బ్యాటరీ ప్లస్‌కి, నల్లది ఆయన బ్యాటరీ మైనస్‌కి, మిగిలిన నల్ల క్లిప్పు మాత్రం మా బ్యాటరీకి కాదు, దానికి దూరంగా ఇంజను మీద రంగు లేని ఇనుప బోల్టుకి. ఎందుకంటే చివరి క్లిప్పు తగిలేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ గ్యాసు ఉండొచ్చు, రెండూ కలవకూడదు. అప్పటికే బానెట్ మీదకి వంగి బీడీ కాలుస్తూ సలహాలిస్తున్న ఒక ముసలాయన్ని "అటు వెళ్లి కాల్చుకో బాబాయ్" అని పక్కకి పంపారు. బొలెరో కాసేపు నడిచాక మాది సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంది, క్లిప్పులు తగిలించిన వరసకి రివర్సులో తీసేశారు. డబ్బులిస్తే తీసుకోలేదు, "ఎక్కడా ఆపకుండా చించినాడ వంతెన మీంచి పాలకొల్లు వెళ్లిపోండి, పెద్దాయనకి చూపించండి" అన్నారు. స్వామి దర్శనం ఇంకో రోజుకి వాయిదా.

దారిలో ఒక గ్యారేజీలో, ఇంజను ఆపకుండానే, ఒకసారి చూపించాం. బానెట్ ఎత్తకుండానే "డైనమో పోయిందండి, బ్యాటరీ కూడా మార్చాలి, పదిహేను వేలు రెడీ చేసుకోండి" అన్నాడు. డైనమో అంటే ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించేది. మీటరు పెట్టి చూడమంటే "మాకు సౌండుని బట్టి తెలిసిపోద్ది" అన్నాడు. ఆ మాట వినగానే బండి ముందుకి పోనిచ్చాను.

పెద్దాయన షాపులో తేడా మొదటి నిమిషంలోనే తెలిసింది. "ఇంజను ఆపకండే, నడవనివ్వండి" అని మల్టీమీటరు రెండు పుల్లలూ టెర్మినళ్లకి ఆనించారు. 14.2 వోల్టులు చూపించింది. "ఏసీ వెయ్యండి, లైట్లు వెయ్యండి, వెనక అద్దం హీటరుంటే అదీ వెయ్యండి" అన్నారు, అన్నీ వేసినా 13.8 దగ్గర నిలబడింది. "మీ డైనమో బంగారంలా ఉందండి, దాని జోలికి ఎవర్నీ రానివ్వకండి." ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 లోపు ఉంటే చార్జింగ్ సరిగ్గా ఎక్కుతున్నట్టే, 13 కూడా దాటకపోతే అప్పుడు డైనమోని అనుమానించాలి. ఈ ఒక్క ముక్కతో నాకు మిగిలిన డబ్బులు లెక్కేస్తే ఈ రివ్యూ రాయడం చిన్న బాకీయే.

తర్వాత ఇంజను ఆపించి బ్యాటరీ తీశారు. మాకు తిరగడానికి వాళ్ల దగ్గరున్న పాత బ్యాటరీ ఒకటి బిగించి పంపేశారు, దానికి అద్దె లేదు, ఆధార్ జిరాక్సు అడగలేదు. మాది రాత్రంతా నెమ్మదిగా చార్జింగ్ పెట్టారు. మర్నాడు వెళ్లేసరికి చార్జరు తీసేసి బల్ల మీద పెట్టి ఉంచారు, చార్జింగ్ తీయగానే చూస్తే మీటరు ఎక్కువ చూపిస్తుంది, కొన్ని గంటలు ఊరికే ఉంచి చూడాలట. నా ఎదురుగా మీటరు పెడితే 10.6. నిండా చార్జింగ్ ఉన్న మంచి బ్యాటరీ అయితే 12.6 దరిదాపుల్లో ఉండాలి, 12.2కి వచ్చిందంటే సగం దిగినట్టు, 12 కన్నా తగ్గితే ఇక స్టార్ట్ అవుతుందన్న నమ్మకం లేదు. కానీ రాత్రంతా చార్జింగ్ పెట్టాక కూడా 10.6 అంటే లెక్క వేరు. "ఇందులో ఆరు గదులుంటాయండి, ఒక్కోటీ రెండు వోల్టుల పైచిలుకు. ఒక గది పడుకుంటే సరిగ్గా ఇంతే చూపిస్తాది" అన్నారు.

నోటిమాటతో వదల్లేదు. పైన స్టిక్కరు ఒలిచి మూతలు విప్పారు, గాజు గొట్టం లాంటి హైడ్రోమీటరుతో ఒక్కో గదిలోంచి యాసిడ్ పీల్చి, లోపల తేలే పుల్ల ఎక్కడి దాకా లేచిందో నాకే చూపించారు. అయిదు గదుల్లో పుల్ల పచ్చ గీత దగ్గరకి లేచింది, యాసిడ్ చిక్కదనం 1.25 అటూ ఇటూ. ప్లస్ వైపు నుంచి రెండో గదిలో మాత్రం పుల్ల అడుక్కి కూర్చుంది, గొట్టంలోకి వచ్చిన యాసిడ్ కూడా కాఫీ డికాక్షన్ అంత నల్లగా, మసి కలిపినట్టుంది. ప్లేట్ల మీది మందు రాలి అడుగున పేరుకుంటే ఆ గదిలో ప్లస్సూ మైనస్సూ కలిసిపోతాయి, ఇక ఎంత చార్జింగ్ పెట్టినా దండగే. ఇలాంటప్పుడు "యాసిడ్ మారిస్తే బాగవుద్ది" అనే వాళ్లకి డబ్బులివ్వకండి.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు కూడా తొందరపెట్టలేదు. రెండు మూడు కంపెనీలవి పెట్టుకున్నారు, నేను అమరాన్ తీసుకున్నాను, మన తిరుపతి దగ్గర కరకంబాడి ఫ్యాక్టరీ సరుకు అని కొంచెం అభిమానం కూడా, తప్పేముంది. ఎక్సైడ్ కూడా అంతే బాగుంటుందని, ఎవరి మోజు వాళ్లదని ఆయనే అన్నారు. పెద్ద బ్యాటరీ వేస్తే ఇంకా బాగా లాగుతుంది కదా అని అడిగితే ట్రేలో పట్టదని, ప్లస్ మైనస్ లు ఏ వైపున్నాయో చూడకుండా కొంటే వైరు అందదని బానెట్ ఎత్తి చూపించారు. వారంటీ సంగతి ఇంత తేటగా నాకు ఇదివరకు ఎవరూ చెప్పలేదు: 36 నెలలు అని పెద్దక్షరాలతో ఉంటే 36 నెలలూ ఊరికే మార్చి ఇస్తారని కాదు, 18 నెలలు ఫ్రీ, మిగతా 18 ప్రొరేటా అని ఉంటే ఆ రెండో సగంలో పోతే కొత్తదాని ధరలో కొంత శాతం తగ్గిస్తారు, అంతే. అలాగే బ్యాటరీ మీద తయారైన నెల చూసి తీసుకోవాలి, షాపులో ఆరు నెలలు ఊరికే కూర్చున్న బ్యాటరీ కొత్తదైనా సగం నీరసంగానే ఉంటుంది. నాకిచ్చినదానికి మీటరు పెట్టి 12.7 చూపించాకే బిగించారు.

ధర పాతది ఇచ్చేసి నాలుగు వేల చిల్లర పడింది. ఆన్‌లైన్‌లో ఇంకో మూడు వందలు తక్కువకి కనిపించింది నిజమే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ లెడ్ యాసిడ్ బ్యాటరీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి ఎవరైనా పాత రేటు పట్టీ చూపిస్తే బిల్లులో పన్ను ఎంతేశారో చూసుకోండి. పాత బ్యాటరీకి మా వీధిలోకి వచ్చే పాత సామాన్ల వాడు ఇంకో వంద ఎక్కువిస్తానన్నాడు గానీ వాడికి ఇవ్వలేదు. వాళ్లు కాలవ గట్టు మీద పగలగొట్టి సీసం తీసుకుని యాసిడ్ ఎక్కడ పారబోస్తారో చూసినవాళ్లకి తెలుసు, ఆ కాలవ నీళ్లే చేలకీ చెరువులకీ వెళ్లేది. డీలర్లు పాతవి వెనక్కి తీసుకోవాలన్న రూలు 2001లోనే వచ్చింది, 2022లో దాని స్థానంలో కొత్త రూల్స్ కూడా వచ్చాయి.

బిగించే కుర్రాడు పనిమంతుడు. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్. టెర్మినళ్లకి వైర్లని పట్టి ఉంచే మా క్లాంపుల మీద తెల్లగా, అంచుల్లో నీలంగా పొడి పట్టేసి ఉంది, సముద్రం గాలి తగిలే ఊళ్లలో ఇది ఇంకా తొందరగా పడుతుందట. వేడినీళ్లలో వంటసోడా కలిపి పోశాడు, బుస్సుమని పొంగి పొడంతా కరిగిపోయింది, బ్రష్షుతో రుద్ది తుడిచి బిగించాక పైన పల్చగా వాజలైన్ రాశాడు. పవర్ విండోలు ఒకసారి పూర్తిగా దింపి ఎక్కించమన్నాడు, గడియారం మనమే సరిచేసుకోవాలి.

ఇక్కడితో అయితే నేను మూడున్నరే ఇచ్చేవాణ్ణి. నాలుగు ఇవ్వడానికి కారణం మా బావ కారు. హైదరాబాద్‌లో ఉంటాడు, ఊళ్లో అత్తయ్యవాళ్ల కోసమని ఒక ఆటోమేటిక్ కారు కొని కొబ్బరితోటలో షెడ్డు కింద పెట్టాడు, అది నెలకోసారి కదిలితే గొప్ప. ఈసారి వచ్చేసరికి రిమోట్ నొక్కినా కుయ్యిమనలేదు, తాళంచెవితో తలుపు తీస్తే లోపల ఒక్క లైటూ లేదు. ఆటోమేటిక్ కాబట్టి తోసి స్టార్ట్ చేసే దారి కూడా లేదు. "పోయిందిరా, కొత్తది కొనేద్దాం, నాకు రేపు రాత్రికి ట్రైను" అని బావ టెన్షన్. పెద్దాయన చూసి "ఇది చావలేదండి, దిగిపోయిందంతే, డబ్బులు జేబులో పెట్టుకోండి" అన్నారు. చార్జింగ్ పెట్టి, కాసేపు ఉంచి, లోడ్ టెస్టరు (బ్యాటరీ చేత గట్టిగా కరెంటు లాగించి తట్టుకుంటుందో లేదో చూసేది) పెడితే చక్కగా నిలబడింది. మళ్లీ అదే బ్యాటరీ బిగించి, కారు లాక్ చేసి, మైనస్ వైరుకీ టెర్మినల్‌కీ మధ్యలో మీటరు పెట్టారు. కారు ఆపి ఉన్నప్పుడు 50 మిల్లీ ఆంపియర్ల లోపు లాగాలి, ఇది 300 లాగుతోంది. ఒక్కో ఫ్యూజూ తీస్తూ పోతే చివరికి దొంగ దొరికింది, బావ హైదరాబాద్‌లో పెట్టించుకున్న డాష్‌క్యామ్. తాళంతో పని లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి వైరు లాగేశారు. రోజుకి ఏడు ఏహెచ్ చొప్పున పోతుంటే 60 ఏహెచ్ బ్యాటరీ వారం పది రోజుల్లో ఖాళీ. వైరు మార్చి ఇచ్చి, అన్నిటికీ కలిపి రెండు వందలు తీసుకున్నారు. అయిదారు వేల బేరం చేతికొస్తే వద్దనుకున్న మనిషిని చూసి బావ రెండు రోజులు అదే మాట.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పారు: పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని అలాగే నెలల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, ఇక అది లేవదు. ఊళ్లో కారు వదిలి వెళ్లేవాళ్లు మైనస్ క్లాంపు ఊడదీసి వెళ్లడం మేలు. వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయమని ఇంట్లోవాళ్లకి చెప్పే అలవాటు మనందరిదీ, దానివల్ల లాభం కన్నా నష్టమే, ఆ అయిదు నిమిషాల్లో ఎక్కేది అంతంతమాత్రమే, అరగంట రోడ్డు మీద తిప్పితేనే పని.

షాపు దాకా వెళ్లేముందు ఇంటి దగ్గరే కొంత తెలుసుకోవచ్చు, ఆ కుర్రాడే చెప్పాడు. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా తగ్గిపోయి టకటకమంటే బ్యాటరీ గానీ క్లాంపు గానీ, ముందు క్లాంపు చేత్తో కదిపి చూడండి, లూజుగా ఉంటే దాన్ని బిగిస్తే సరిపోవచ్చు. లైట్లు ధగధగా వెలుగుతూనే ఒక్కసారి టక్ మని ఊరుకుంటే సెల్ఫ్ మోటారు వైపు చూడాలి. ఇంజను జోరుగా తిరుగుతూ అందుకోవడం లేదంటే బ్యాటరీని ఏమీ అనకండి, అది పెట్రోలో ఇంకోటో. నడుస్తుండగా డాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ బొమ్మ వెలిగితే అది డైనమో గొడవ, అలాంటప్పుడు కొత్త బ్యాటరీ కొన్నా అదీ దిగిపోతుంది. మూతలున్న బ్యాటరీలో నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పొయ్యండి, బోరు నీళ్లు వద్దు, మన బోరు నీళ్లలో ఉప్పు సంగతి తెలిసిందేగా.

ఇక ఒక స్టార్ ఎందుకు తగ్గిందంటే. ఫోన్ ఎత్తరు. ఎత్తినా "రండి, చూద్దామండి" తప్ప ఇంకో మాట ఉండదు. మధ్యాహ్నం భోజనానికి షట్టరు దించితే మళ్లీ నాలుగింటికే, ఎండలో బండి ఆగిపోయి వచ్చినవాడి గతి ఏమిటో ఆలోచించరు. కూర్చోడానికి ఒకే స్టూలు, దాని మీద ఎప్పుడూ ఎవరో ఒక ఆటో ఆయన ఉంటాడు. దగ్గర ఊళ్లకి కుర్రాణ్ణి బైకు మీద పంపిస్తారు గానీ వానాకాలం గట్టు రోడ్లంటే రానంటాడు. వారంటీ కార్డు చేత్తో నింపుతారు, ఆ రాత ఆయనకే అర్థం కావాలి, కాబట్టి బ్యాటరీ మీది సీరియల్ నంబరూ కార్డు మీదిదీ అక్కడే సరిచూసుకుని స్టాంపు వేయించుకోండి, బిల్లు అడిగి తీసుకోండి, అడక్కపోతే ఇవ్వరు. సిగ్నల్ దగ్గర ఇంజను దానంతట అదే ఆగే స్టార్ట్ స్టాప్ కార్లు ఉన్నవాళ్లు ముందుగా చెప్పి వెళ్లాలి, వాటికి మామూలు బ్యాటరీ పనికిరాదు, ఈఎఫ్‌బీ గానీ ఏజీఎం గానీ (మాటిమాటికీ స్టార్ట్ చేసినా తట్టుకునే రకాలు) వెయ్యాలి, అవి ఇక్కడ స్టాకు ఉండవు, భీమవరం నుంచి తెప్పిస్తారు. బావ కారూ ఆ రకమే, దానికి బ్యాటరీ మార్చే రోజు వచ్చినప్పుడు ఈ తిప్పలు తప్పవు.

యూపీఐ తీసుకుంటారు. షాపు ముందు ఆపేటప్పుడు బానెట్ షాపు వైపుకి పెట్టి ఆపండి, చార్జరు వైరు పొట్టిది, లేకపోతే నర్సాపురం బస్సులు పోతున్న రోడ్డు మీదే మీ చేత కారు తోయించి తిప్పిస్తాడు ఆ కుర్రాడు.